పదహారేళ్ళకే చట్టసభ గడప

"మీరు పట్టుకున్న ప్రజా సమస్య ఏమిటి? దాని కోసం ఎవరెవరిని కలిశారు? ఏం మారింది? ఏం మారలేదు?"

ఏటా చలికాలంలో మా లైబ్రరీలో నా బల్ల మీదికి వచ్చే ఒక దరఖాస్తులో అడిగే ప్రశ్నలివి. మార్కులెన్ని, పరీక్షల్లో స్కోరెంత అన్న వివరాలు ఎక్కడో చివరి పేజీలో ఉంటాయి. ముందు పేజీ అంతా ఈ నాలుగు ప్రశ్నలదే. నాలుగింటిలోనూ నాకు బాగా నచ్చింది చివరిది. ఏం మారలేదో చెప్పమని పదహారేళ్ళ పిల్లల్ని అడిగే దరఖాస్తును నేను ఇంకెక్కడా చూడలేదు.

నేనుండేది అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, మాంట్‌గొమరీ కౌంటీలో. ఇక్కడి పబ్లిక్ లైబ్రరీలో హైస్కూలు పిల్లల విభాగం చూస్తాను. నవంబరు వచ్చిందంటే కాలేజీ దరఖాస్తులు, స్కాలర్‌షిప్ వ్యాసాలు పట్టుకుని పిల్లలు నా చుట్టూ చేరతారు. మా కౌంటీలో యూదు కుటుంబాలు ఎక్కువ, మన తెలుగు కుటుంబాలూ ఎక్కువే. అందుకని రెండు ఇళ్ళ పిల్లల రాతలూ పక్కపక్కనే చదివే అవకాశం నాకు దొరికింది. పైన చెప్పిన దరఖాస్తు, ఒక యూదు కుటుంబం తమ పెద్దాయన పేరు మీద పెట్టిన చిన్న నిధిది. ప్రజా వ్యవహారాల్లో చొరవ చూపిన యూదు హైస్కూలు విద్యార్థికి కాలేజీ ఖర్చులో కొంత సాయం చేస్తారు. అమెరికాలో యూదులు ఎక్కువగా ఉండే ఊళ్ళలో ఇలాంటి నిధులు చిన్నవీ పెద్దవీ చాలానే ఉన్నాయి.

వాటిలో బాగా పేరున్నది డిల్లర్ టీన్ తిక్కున్ ఓలమ్ అవార్డు. తిక్కున్ ఓలమ్ అంటే లోకాన్ని బాగుచేయడం. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో స్థిరాస్తి వ్యాపారం చేసిన కుటుంబానికి చెందిన హెలెన్ డిల్లర్ 2007లో దీన్ని కాలిఫోర్నియా పిల్లల కోసం మొదలుపెట్టారు. తర్వాత దేశమంతటికీ విస్తరించింది. 13 నుంచి 19 ఏళ్ళ లోపు యూదు పిల్లల్లో ఏటా 15 మంది దాకా ఎంపిక చేసి, ఒక్కొక్కరికి 36,000 డాలర్లు ఇస్తారు. ఆ డబ్బును చదువుకు వాడుకోవచ్చు, చేపట్టిన పనిని ఇంకా పెంచుకోవడానికీ వాడుకోవచ్చు. పిల్లల పేరును టీచరో, యూదుల మతగురువు రబ్బీయో సూచించవచ్చు, పిల్లలే స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంట్లోవాళ్ళు మాత్రం సూచించడానికి వీల్లేదు. జీతం తీసుకుని చేసిన పని లెక్కలోకి రాదు.

ఈ 36,000 అంకె వెనక ఒక ఆచారం ఉంది. హీబ్రూ అక్షరాలకు అంకెల విలువలుంటాయి. 'జీవం' అనే మాటకు ఆ లెక్కన పద్దెనిమిది వస్తుంది. అందుకే యూదులు కానుకలైనా విరాళాలైనా పద్దెనిమిది, ముప్పై ఆరు, నూట ఎనభై అంటూ ఆ వరసలోనే ఇస్తారు. మన పెళ్ళిళ్ళలో నూటపదహార్లు చదివించినట్టే అనుకోండి. ఇక్కడి పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఏడాది ఖర్చు 80,000 డాలర్లు దాటిపోయిన రోజుల్లో 36,000 డాలర్లతో చదువు పూర్తి కాదు. ఆ మాట ఇచ్చేవాళ్ళకీ తెలుసు, పుచ్చుకునేవాళ్ళకీ తెలుసు.

మతాన్ని బట్టి స్కాలర్‌షిప్ ఏమిటని మనవాళ్ళకు సందేహం రావచ్చు. మన దేశంలో మైనారిటీ స్కాలర్‌షిప్ అంటే ప్రభుత్వం ఇచ్చేదే గుర్తొస్తుంది. అమెరికాలో ప్రభుత్వం విద్యార్థి మతం చూసి స్కాలర్‌షిప్ ఇవ్వదు. ప్రైవేటు నిధి పెట్టిన కుటుంబం మాత్రం తన డబ్బును తన సమాజం పిల్లలకే ఇవ్వవచ్చు. కాథలిక్కులకు ఉన్నాయి, గ్రీకులకు ఉన్నాయి, మన తెలుగు సంఘాలూ ఇస్తున్నాయి. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం వేరు. ఫలానా సమాజం పిల్లలకు ఇవ్వడం మామూలే. 'ప్రజా వ్యవహారాల్లో నాయకత్వం' అనే గుణాన్ని వెతికి పట్టుకుని ఇవ్వడం, దానికి ముందు ఆ గుణాన్ని పనిగట్టుకుని నేర్పడం మాత్రం మామూలు కాదు.

ఆ నేర్పడం చాలా చిన్నప్పుడే మొదలవుతుంది. యూదు పిల్లలకు 12, 13 ఏళ్ళ వయసులో బార్ మిత్స్వా, ఆడపిల్లలకైతే బాత్ మిత్స్వా అనే వేడుక చేస్తారు. ఆ రోజు వాళ్ళ ప్రార్థనా మందిరం సినగాగ్‌లో నిండు సభ ముందు నిలబడి పవిత్ర గ్రంథం తోరా చదవాలి. చాలా చోట్ల, చదివిన భాగం మీద సొంతంగా నాలుగు మాటలు కూడా మాట్లాడాలి. తాతలు, రబ్బీ, బడి స్నేహితులు అందరూ ఎదురుగా కూర్చుని వింటారు. తోరాలో అబ్రహాము చేసింది నాకు నచ్చలేదు అని ఒక పిల్లవాడు అంటే ఎవరూ నోరు నొక్కరు, ఎందుకు నచ్చలేదో చెప్పమంటారు. వాళ్ళ ధర్మ చర్చల గ్రంథం తాల్ముద్‌లో వాదనలో ఓడిన పక్షం మాటలు కూడా కొట్టివేయకుండా రాసిపెట్టారు. అలాంటి గ్రంథాల నడుమ పెరిగిన పిల్లలకు పెద్దల ముందు నోరు విప్పడం మనం అనుకున్నంత కష్టం కాదు.

తర్వాత యువజన సంఘాలు. 1924లో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో కుర్రాళ్ళ కోసం మొదలైన ఏ-జెడ్-ఏ, ఆ తర్వాత ఆడపిల్లల కోసం వచ్చిన శాఖ కలిసి ఈనాటి బీబీవైవో అయ్యాయి. ప్రతి శాఖకూ పిల్లలే ఎన్నికలు పెట్టుకుంటారు, అధ్యక్షుల్ని ఎన్నుకుంటారు, లెక్కలు చూసుకుంటారు. పెద్దవాళ్ళు సలహాకే పరిమితం. ఓడిపోయిన పిల్ల మరుసటి వారం అదే గదిలో కూర్చుని, గెలిచిన పిల్లతో కలిసి పని చేయాలి. ఇంతకు మించిన పౌరశాస్త్రం పాఠం ఏ పుస్తకంలో ఉంటుంది?

అన్నిటిలోకీ నేను దగ్గరగా చూసింది లె-తకెన్ శిక్షణ. సంస్కరణవాద యూదుల తరఫున వాషింగ్టన్‌లో పనిచేసే రెలిజియస్ యాక్షన్ సెంటర్ దీన్ని నడుపుతుంది. దేశం నలుమూలల నుంచి హైస్కూలు పిల్లలు శుక్రవారం సాయంత్రానికి వాషింగ్టన్ చేరతారు. శని, ఆదివారాల్లో ఒక్కో సమస్య మీద వినడం, వాదించుకోవడం. ఆదివారం రాత్రి జట్లుగా కూర్చుని ప్రసంగం రాసుకుంటారు. సోమవారం పొద్దున్నే తమ సెనేటర్ల, ప్రతినిధుల కార్యాలయాలకు వెళ్ళి చదివి వినిపిస్తారు.

ఆ శిక్షణకు వెళ్ళబోయే పదకొండో తరగతి అమ్మాయి ఒకతె ముందుగానే ఒక చిత్తుప్రతి రాసుకుని మా లైబ్రరీకి వచ్చింది. విషయం స్కూలు భోజనం. మొదటి పేజీ నిండా ఆకలి గురించి గొప్ప గొప్ప మాటలు. చదివి, "ఇది వినే మనిషి నీకు ఎంతసేపు ఇస్తాడు?" అని అడిగాను. "నాలుగైదు నిమిషాలు ఇస్తారట" అంది. ఇద్దరం కూర్చుని కత్తిరించడం మొదలుపెట్టాం. ముందు పేరు, చదివే స్కూలు, ఉండే ఊరు చెప్పాలి. ఎందుకంటే ఆ కార్యాలయంలో మొదట చూసేది ఈ పిల్ల మా నియోజకవర్గం మనిషేనా అన్నది. రెండో మాటలోనే ఏం కావాలో చెప్పేయాలి: ఫలానా బిల్లుకు మీరు మద్దతు ఇవ్వాలి. ఆ తర్వాతే కారణం. కారణంగా ఆమె రెండే రెండు సంగతులు ఉంచుకుంది. ఒకటి తోరాలోది: పొలం కోసేటప్పుడు అంచులు కోయకుండా పేదలకు వదిలేయమన్న ఆజ్ఞ. రెండోది కళ్ళారా చూసింది: భోజనం ఖాతాలో బాకీ పడ్డ పిల్లవాడికి వేడి భోజనం ట్రే బదులు చల్లటి చీజ్ శాండ్‌విచ్ చేతిలో పెట్టడం. మిగిలినవాళ్ళందరి ముందూ, వరసలో నిలబడి ఉండగా.

గణాంకాలు పెట్టనా అని అడిగింది. ఒక్కటి చాలన్నాను. వాళ్ళ శిక్షకులూ అదే చెప్పారట.

తిరిగొచ్చాక ఆమె చెప్పిన వివరాలు నాకు ఎంతో నచ్చాయి. సెనేటర్ కనిపించలేదు. ఎదురుగా కూర్చుని విన్నది పాతికేళ్ళు కూడా నిండని ఒక సహాయకుడు. మొదట ఆమెకు మనసు చివుక్కుమంది. కానీ అతను మొదటి మాట నుంచి నోట్సు రాసుకున్నాడు. "ఈ ఖర్చు ఎక్కడి నుంచి తెద్దాం?" అని అడిగాడు. ఆమె దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పింది, కనుక్కుని రాస్తానంది. వారం తిరగకుండా ధన్యవాదాలు చెబుతూ ఉత్తరం రాసి, అందులో ఆ జవాబు పెట్టి, చివర బిల్లు గురించి మళ్ళీ అడిగింది. నా దృష్టిలో ఆమె నాయకత్వం వాషింగ్టన్ ప్రసంగంలో కంటే ఈ ఉత్తరంలోనే ఎక్కువ ఉంది. తర్వాత స్కాలర్‌షిప్ దరఖాస్తు రాసేటప్పుడు 'ఏం మారలేదు?' అన్న ప్రశ్నకు, బిల్లు కదల్లేదని ఒక్క వాక్యంలో రాసి, తాను ఇకపై రాష్ట్ర శాసనసభలో ఎవరిని కలవాలనుకుంటోందో మూడు పేరాల్లో రాసింది.

ఆ శిక్షణ నడిపే సంస్థ భవనం వాషింగ్టన్‌లోని మసాచుసెట్స్ అవెన్యూలో ఉంది. దాన్ని 1960ల మొదట్లో ఇచ్చింది బోస్టన్ తోళ్ళ వ్యాపారి కివీ కాప్లన్. తర్వాత ఆయన నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీకి అధ్యక్షుడయ్యారు. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం ముసాయిదా పని ఈ భవనం సమావేశ మందిరంలోనే జరిగిందని ఆ సంస్థవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. 1964 వేసవిలో మిసిసిపీలో నల్లజాతివారి ఓటుహక్కు కోసం పనిచేస్తూ హత్యకు గురైన ముగ్గురు యువకుల్లో ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ యూదులు, జేమ్స్ చేనీ నల్లజాతి యువకుడు. గుడ్‌మన్‌కి అప్పటికి 20 ఏళ్ళు. ఈ పేర్లు వినకుండా అక్కడి నుంచి తిరిగొచ్చిన పిల్లలు నాకు తారసపడలేదు.

ఇంతగా ఎందుకు నేర్పుతారు? నాకు అర్థమైనంతలో దీని వేళ్ళు 1924 నుంచి 1943 దాకా జరిగిన సంగతుల్లో ఉన్నాయి. 1924లో అమెరికా దేశాల వారీగా కోటాలు పెట్టి వలసల తలుపు దాదాపుగా మూసేసింది. 1939 మే నెలలో హాంబర్గ్ నుంచి 937 మందితో, ఎక్కువగా యూదు శరణార్థులతో, బయల్దేరిన సెయింట్ లూయిస్ ఓడలోంచి కొద్దిమందిని తప్ప ఎవరినీ క్యూబా దిగనివ్వలేదు. ఓడ మయామీ దీపాలు కనపడేంత దగ్గరికి వచ్చింది. ప్రయాణికులు అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు టెలిగ్రాం ఇచ్చారు, జవాబు రాలేదు. ఓడ ఐరోపాకే తిరిగి వెళ్ళింది. అందులోనివాళ్ళలో 254 మంది తర్వాత నాజీల మారణహోమంలో చనిపోయారు. 1943 అక్టోబరు 6న దాదాపు 400 మంది రబ్బీలు వాషింగ్టన్ వీధుల్లో నడిచి, ఐరోపా యూదుల్ని కాపాడమని వేడుకున్నారు. రూజ్వెల్ట్ వాళ్ళని కలవలేదు. ఆయన దగ్గరున్న యూదు సలహాదారులే కలవవద్దని చెప్పారు. మూడు నెలల తర్వాత, 1944 జనవరిలో, శరణార్థుల్ని కాపాడే మండలి ఏర్పడింది. అప్పటికే లక్షల ప్రాణాలు పోయాయి.

అదే సమాజం ఇరవై ఏళ్ళ తర్వాత ఎలా కదిలిందో చూడండి. సోవియట్ యూనియన్‌లో చిక్కుకున్న యూదుల కోసం 1964లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులతో ఒక ఉద్యమం మొదలైంది. వాళ్ళు సంతకాలు సేకరించారు, ఊరేగింపులు చేశారు, ప్రతినిధుల గుమ్మాల దగ్గర నిలబడ్డారు. సోవియట్‌తో వాణిజ్యానికి, వలస వెళ్ళే స్వేచ్ఛకు ముడిపెట్టిన జాక్సన్-వానిక్ సవరణ 1975 జనవరిలో చట్టమైంది. 1987 డిసెంబరు 6న, సోవియట్ నేత గోర్బచేవ్ వాషింగ్టన్‌లో దిగడానికి ముందు రోజు, రెండున్నర లక్షల మంది అక్కడ గుమిగూడారు. తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పుడు నా బల్ల దగ్గర కూర్చునే పిల్లల్లో కొందరు ఆ తలుపుల్లోంచి వచ్చినవాళ్ళ పిల్లలే. వీళ్ళకు 'ప్రజా వ్యవహారాలు' అన్నది అమ్మమ్మ పాస్‌పోర్టులో ముద్రగా ఉన్న సంగతి.

చరిత్రలో ఇంకో సంగతి కూడా మన తల్లిదండ్రులు తెలుసుకోవాలి. అమెరికా కాలేజీలకు నాయకత్వం కావాలి, వ్యక్తిత్వం కావాలి, మార్కులొక్కటే చాలవు అని మనవాళ్ళు హైరానా పడుతుంటారు కదా. ఆ పద్ధతి గట్టిపడింది 1920లలో. 1922 నాటికి హార్వర్డ్ విద్యార్థుల్లో అయిదో వంతుకు పైగా యూదులుండేవారు, పరీక్షల్లో మంచి మార్కులతో వచ్చినవాళ్ళు. విశ్వవిద్యాలయం అప్పటి అధ్యక్షుడు ఎ. లారెన్స్ లోవెల్ వాళ్ళ సంఖ్యకు పరిమితి పెడదామన్నాడు. బాహాటంగా కోటా అంటే గొడవైంది. అప్పుడు 'వ్యక్తిత్వం', 'నాయకత్వం' అంటూ, ఫొటో అడుగుతూ, ఇంటర్వ్యూలు చేస్తూ తలుపు సన్నం చేశారు. సామాజిక శాస్త్రవేత్త జెరోమ్ కారబెల్ 'ద చోజన్' అనే పుస్తకంలో ఈ కథంతా ఆధారాలతో చూపించారు. ఏ మాటను అడ్డం పెట్టి తమని బయట ఉంచారో, ఆ నాయకత్వాన్నే ఈ సమాజం తన పిల్లలకు పద్ధతిగా నేర్పి, దానికే బహుమతి పెట్టింది. ఇది నాకు చాలా పెద్ద విజయంగా కనిపిస్తుంది. పగ పట్టి కూర్చోవడం కంటే ఎన్నో రెట్లు మేలు.

అన్నీ ఇంత నున్నగా లేవు. ఇజ్రాయెల్ విషయం వచ్చేసరికి ఒకే సినగాగ్ పిల్లలు రెండుగా చీలిపోతారు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడి, ఆ తర్వాత గాజాలో యుద్ధం మొదలయ్యాక ఈ చీలిక ఇళ్ళలోకీ వచ్చింది. ఇజ్రాయెల్ తరఫున మాట్లాడటానికే హైస్కూలు పిల్లలకు శిక్షణ ఇచ్చే సంస్థలున్నాయి. ఆ ప్రభుత్వం తీరును తప్పుపట్టే యూదు సంస్థలూ ఉన్నాయి. స్కాలర్‌షిప్ ఇచ్చే నిధి ఒక వైపు మొగ్గితే పిల్లవాడు నమ్మనిది కూడా రాసే ప్రమాదం ఉంది. డబ్బు ఇచ్చేవాళ్ళు పిల్లల అభిప్రాయానికి ధర కట్టకూడదని నా గట్టి నమ్మకం. ఈ విషయంలో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది 1992లో సెయింట్ లూయిస్ నగరంలో యూదు సంఘం మొదలుపెట్టిన 'స్టూడెంట్ టు స్టూడెంట్' పద్ధతి మీద. ముగ్గురు నలుగురు యూదు పిల్లలు జట్టుగా, యూదు విద్యార్థులు పెద్దగా లేని స్కూళ్ళకు వెళ్తారు. శుక్రవారం రాత్రి ఇంట్లో వెలిగించే కొవ్వొత్తుల గురించి, తినే హాలా రొట్టె గురించి, తమ పండగల గురించి తోటి పిల్లలకు చెబుతారు. అడిగిన ప్రశ్నలకు, ఎంత ఇబ్బందిగా ఉన్నా, జవాబిస్తారు. ముగ్గురూ ఒకేలా జవాబివ్వాలన్న నియమం లేదు. సినగాగ్‌కు వారం వారం వెళ్ళే పిల్ల ఒకటి చెబితే, పండగలకే వెళ్ళే పిల్లవాడు ఇంకోటి చెబుతాడు.

ఇదంతా విని మా కౌంటీలోనే ఉండే తెలుగు స్నేహితురాలు, "అక్కా, మన పిల్లలకి ఇలాంటివి లేవా?" అని అడిగింది. ఉన్నాయి. అన్ని సమాజాల పిల్లలకూ తెరిచి ఉన్న వాటిలో గట్టిది యునైటెడ్ స్టేట్స్ సెనేట్ యూత్ ప్రోగ్రాం. 1962 నుంచి నడుస్తోంది. ఒక్కో రాష్ట్రం నుంచి, రాజధాని వాషింగ్టన్ నుంచి, రక్షణ శాఖ నడిపే స్కూళ్ళ నుంచి ఇద్దరిద్దరు చొప్పున మొత్తం 104 మందిని మార్చిలో వారం రోజులు వాషింగ్టన్ తీసుకెళ్తారు, ఒక్కొక్కరికి 10,000 డాలర్ల స్కాలర్‌షిప్ ఇస్తారు. ఖర్చు హర్స్ట్ ఫౌండేషన్లది, ప్రభుత్వానిది కాదు. స్కూల్లోనో సమాజంలోనో ఎన్నికైన పదవిలోనో, బాధ్యత అప్పగించిన పదవిలోనో ఉన్నవాళ్ళే అర్హులు. ఒక చిక్కుంది: పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. తల్లిదండ్రుల ఉద్యోగ వీసాను ఆధారంగా చేసుకున్న హెచ్-4 వీసా మీద పెరుగుతున్న మన పిల్లలకు ఆ తలుపు మూసే ఉంది. స్నేహితురాలి మొహం చిన్నబోయింది. వాళ్ళబ్బాయిది హెచ్-4. మూడో తరగతి నుంచి ఇక్కడే చదువుతున్నాడు.

అయితే ప్రజా వ్యవహారాలన్నీ స్కాలర్‌షిప్‌తోనే మొదలవ్వాలని లేదు. మా కౌంటీ ప్రభుత్వ స్కూళ్ళలో హైస్కూలు పూర్తవ్వాలంటే ప్రతి విద్యార్థీ 75 గంటల సేవ చేయాలి. మా కౌంటీ స్కూలు బోర్డులో ఓటుహక్కున్న విద్యార్థి సభ్యుడు ఉంటాడు, అతన్ని ఎన్నుకునేది విద్యార్థులే. మా కౌంటీలోనే ఉన్న టకోమా పార్క్ ఊరు 2013లోనే పురపాలక ఎన్నికల్లో ఓటు వయసును 16కు తగ్గించింది, అమెరికాలో మొట్టమొదటిగా. హైదరాబాద్‌లో పుట్టి, ఏడేళ్ళ వయసులో ఇక్కడికి వచ్చి, మా కౌంటీలో రోడ్ల ఇంజనీరుగా పాతికేళ్ళు పనిచేసిన అరుణా మిల్లర్ శాసనసభకు ఎన్నికై, 2023 జనవరిలో రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. ఊరి కూడళ్ళు ఎక్కడ ప్రమాదకరమో కొలిచిన మనిషి చట్టసభకు వెళ్ళడం నాకు సహజంగా అనిపిస్తుంది.

స్నేహితురాలి కొడుకును లైబ్రరీకి పంపమన్నాను. నీకు ఏం మారాలని ఉంది అని అడిగితే ముందు వాతావరణ మార్పు అన్నాడు. ఇంకొంచెం దగ్గరిది చెప్పమన్నాను. స్కూలుకు నడిచే దారిలో కొంత మేర ఫుట్‌పాత్ లేదని, వాన పడితే చెల్లెలితో కలిసి రోడ్డు మీదే నడవాల్సి వస్తోందని చెప్పాడు. మా కౌంటీ బడ్జెట్ మీద ఏప్రిల్లో బహిరంగ విచారణ జరుగుతుంది. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలే ఇస్తారు. నీ వీసా ఏది అని అక్కడ ఎవరూ అడగరు. యూదు అమ్మాయి ప్రసంగానికి వాడిన వరసనే అతనికి కాగితం మీద రాసిచ్చాను: పేరు, ఊరు, కావలసింది, కారణం, ఒక్కటంటే ఒక్కటే లెక్క. ఆ ఫుట్‌పాత్ లేని దూరం ఎన్ని అడుగులో కొలుచుకుని శనివారానికల్లా చిత్తుప్రతి తెమ్మన్నాను. చెల్లెల్ని కూడా తీసుకొస్తానన్నాడు, టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి కదా.